ఇల్లు మారే ఏడాది ఇంటి లెక్క: ముందే రిటైరవ్వాలనుకునేవారికి అడుగడుగునా

బెజవాడలోనైనా గుంటూరులోనైనా ఇల్లు మారేటప్పుడు బేరమంతా హమాలీల దగ్గరే జరుగుతుంది. మూడు వేలన్న కూలిని రెండున్నరకి దింపి తృప్తిపడతారు. అదే వారంలో, కొత్త అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ పాతదానికన్నా నెలకి వెయ్యి ఎక్కువని తెలిసినా నోరెత్తకుండా సంతకం పెట్టేస్తారు. యాభై, యాభై రెండేళ్లకే ఉద్యోగం మానెయ్యాలనుకునేవాళ్లకి ఇది తలకిందుల లెక్క.

మానేశాక ఏడాది ఖర్చుకి 33 రెట్ల నిధి కావాలనుకుందాం. ఎందుకు 33 అన్నది కింద వస్తుంది. నెలకి వెయ్యి అంటే ఏడాదికి 12,000, నిధిలో 3,96,000. అంటే కొత్త ఇంట్లో నెలనెలా పెరిగే ప్రతి వెయ్యికీ దాదాపు నాలుగు లక్షలు అదనంగా కూడబెట్టాలి. హమాలీ కూలిలో ఐదువందలు మాత్రం ఎప్పటికీ ఐదువందలే. కింద చెప్పే ప్రతి నిర్ణయాన్నీ ఈ కొలతతోనే చూడండి.

1. మూడు పద్దులు తెరవండి

నోటుబుక్కులో రాసినా ఎక్సెల్‌లో వేసినా ఇంటి పద్దు, మార్పు పద్దు, రిటైర్మెంటు పద్దు విడివిడిగా ఉండాలి. మారే నెలల్లో మొదటి రెండూ కలిసిపోతాయి. కర్టెన్లు, ఎలక్ట్రీషియన్ కూలి, వంట కుదరక తెచ్చిన కర్రీ పాయింట్ కూరలు, నెల సరుకులు అన్నీ ఒకే ఫోన్‌పే చిట్టాలో పడతాయి. మూడు నెలలయ్యాక చూసుకుని "కొత్త ఇంట్లో నెలకి ఎనభై వేలవుతోంది, ఇక రిటైర్మెంటు ఎక్కడ" అని కొందరు నీరుగారిపోతారు. మరికొందరు పాత ఇంటి ఖర్చు మీదే లెక్క వేసుకుని ధీమాగా ఉంటారు. ఇద్దరి లెక్కా తప్పే.

వాడకుండా పడున్న సేవింగ్స్ ఖాతా ఒకటి మార్పు పద్దుకి కేటాయించి, యూపీఐ దానికే కలపండి. మారడానికి సంబంధించిన ప్రతి రూపాయీ అందులోంచే పోవాలి. సామాన్లు దిగిన రోజు నుంచి 90 రోజులకి ఆ పద్దు మూసెయ్యండి. తర్వాత కొన్నది కర్టెన్ అయినా సరే ఇంటి పద్దులోకే రావాలి. లేకపోతే మార్పు పద్దు ఏళ్లతరబడి తెరిచే ఉంటుంది, దాని చాటున సోఫాలు కూడా వచ్చేస్తాయి.

ఎంత వేసి పెట్టాలి? ఊళ్లోనే మారుతుంటే, అడ్వాన్సు కాకుండా, రెండు నుంచి రెండున్నర నెలల అద్దెకి సరిపడా పెట్టుకుంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. బ్రోకరు కమీషన్, కొన్నాళ్లు రెండిళ్ల అద్దె, వ్యాను, హమాలీలు, ఏసీ మార్పిడి, దోమల మెష్, పాలు పొంగించే ఖర్చు ఇందులోకి వస్తాయి. పైన ఇరవై శాతం కలపండి. అడ్వాన్సు ఖర్చు కాదు గానీ చేతిలో డబ్బు కావాలి: కొత్త ఇంటికి ముందే కట్టాలి, పాత ఇంటాయన ఖాళీ చేశాక ఎప్పటికో ఇస్తాడు. ఈ మధ్యకాలానికి సరిపడా నగదు లేకే చాలామంది సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే పెట్టుబడి) ఆపేస్తారు, ఆపాక మళ్లీ మొదలుపెట్టడం మర్చిపోతారు. తప్పనిసరైతే సగానికి తగ్గించి, మళ్లీ పెంచే తేదీని క్యాలెండర్ మీద రాయండి. పీఎఫ్ మాత్రం ముట్టుకోవద్దు.

2. ఇల్లు చూసేటప్పుడు అద్దె ఒక్కటే అడగొద్దు

మీ నెల ఖర్చు వచ్చే కొన్నేళ్లకి ఇక్కడే ఖరారవుతుంది కాబట్టి తొందరపడకూడదు. ఇంటికి అసలు ధర అంటే అద్దె, మెయింటెనెన్స్, కరెంటు, మంచినీళ్లు, రానుపోను పెట్రోలు కలిపిన మొత్తం. రెండు ఇళ్ల మధ్య ఊగుతుంటే ఈ ఐదూ కూడి పోల్చండి. కానూరు, పోరంకిలో తక్కువకి దొరికిన ఇల్లు బెంజ్ సర్కిల్ దాటి రోజూ వన్‌టౌన్ వెళ్లేవాళ్లకి నెల తిరిగేసరికి ఖరీదైనదిగా తేలొచ్చు. ఉద్యోగం బెజవాడలో, ఇల్లు గుంటూరు గోరంట్లలో అయితే రైలు పాసు ఖర్చు స్వల్పమే గానీ స్టేషన్ దాకా బండి, అక్కడ పార్కింగ్, రైలు తప్పిన రోజు హైవే మీద పెట్రోలు కూడా వెయ్యాలి.

కరెంటు సంగతి విడిగా చెప్పాలి. మన గృహ వినియోగ టారిఫ్ శ్లాబుల్లో ఉంటుంది: మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఈ లెక్కన 150 యూనిట్లకి ఎనర్జీ ఛార్జీ 567 రూపాయలు. ఒకటిన్నర టన్నుల ఏసీ రోజుకి ఎనిమిది గంటలు తిరిగితే రమారమి పది యూనిట్లు, నెలకి 300. మొత్తం 450 యూనిట్లకి ఛార్జీ 3,036. వాడకం మూడింతలైతే బిల్లు ఐదింతలు దాటింది. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు ఆపైన. అందుకే పై అంతస్తులో, పైకప్పు మీద నేరుగా ఎండ పడే ఇల్లు వెయ్యి తక్కువకి వచ్చినా మే నెలలో ఆ వెయ్యి ఎటుపోయిందో తెలియదు. పడమటి గోడకి బెడ్‌రూమ్ ఉందేమో మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడండి, ఉదయం కాదు.

పాత ఇళ్లల్లో ఇంకో చిక్కుంది. సత్యనారాయణపురం, బ్రాడీపేట లాంటి పాత పేటల్లో రెండు పోర్షన్లకి ఒకే మీటరు ఉండొచ్చు. సబ్‌మీటరు పెట్టి "యూనిట్లు పంచుకుందాం" అంటారు. రెండు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద పడితే ఇద్దరూ పై శ్లాబులోకి వెళ్తారు. విడి మీటరు లేని ఇల్లు వద్దనుకోవడమే మేలు. చేరబోయే ఇంటి సర్వీసు నంబరుతో పాత బకాయిలు ఉన్నాయేమో ఆన్‌లైన్‌లో చూసుకోండి, బకాయి మనిషిని కాదు, సర్వీసుని పట్టుకుని ఉంటుంది.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ట్యాపులు, గీజరు ఎలిమెంటు, వాషింగ్ మెషీన్ త్వరగా పాడవుతాయి. బాత్రూమ్ ట్యాపు మొదట్లో తెల్లటి పొర కట్టిందంటే నీళ్లు గట్టివని అర్థం. మున్సిపల్ కుళాయి ఏ వేళప్పుడు, ఎంతసేపు వస్తుందో వాచ్‌మన్‌ని అడగండి. వేసవిలో ట్యాంకర్లు తెప్పిస్తే ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలిసే ఉందా, విడిగా పంచుతారా అని కూడా. 20 లీటర్ల మంచినీళ్ల టిన్నులు రోజుకొకటి పడితే అదీ ఇంటి పద్దే.

బెజవాడలో వరద ప్రశ్న తప్పనిసరి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో ఇళ్లు రోజులతరబడి నీళ్లలో ఉన్నాయి. అటువైపు చూస్తుంటే నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో ఇంటి ఓనర్ని కాదు, ఎదురింటి వాళ్లని అడగండి. మీటర్ బోర్డు, మోటారు, బళ్లు పెట్టే చోటు ఆ గీతకి పైనున్నాయా చూడండి. నచ్చి చేరితే సామాన్లకి మాత్రమే బీమా తీసుకోవచ్చు. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద నష్టం కవరవుతుంది, అద్దెకున్నవాళ్లు కూడా తీసుకోవచ్చు.

3. అడ్వాన్సు, అగ్రిమెంటు, ముహూర్తం

పదకొండు నెలల అగ్రిమెంటే అందరూ రాస్తారు. అందులో అద్దె పెంపు శాతం రాయించడం అన్నిటికన్నా ముఖ్యం. 15,000 అద్దె ఏటా 5 శాతం పెరిగితే ఎనిమిదేళ్లకి 22,160 అవుతుంది, 10 శాతమైతే 32,150. మొదటి నెల అద్దెలో ఐదువందలు తగ్గించుకోవడంకన్నా ఈ బేరం విలువైనది. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో అడ్వాన్సులో ఒక నెల అద్దె కోసుకోవడం చాలాచోట్ల మామూలు. కోత ఎంతో, ఎన్నేళ్లు ఉంటే కోయరో ముందే రాయించండి. చేరేరోజే గోడలు, ట్యాపులు, స్విచ్‌బోర్డులు వీడియో తీసి ఇంటాయనకి వాట్సాప్‌లో పంపండి.

ముహూర్తం ఖర్చు ఎవరూ బడ్జెట్‌లో వెయ్యరు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం లాంటి నెలల్లో ఇల్లు మారేవాళ్లు తక్కువ. శ్రావణం, మాఘం రాగానే అందరూ ఒకేసారి బయల్దేరతారు, ఆదివారం మంచిరోజైతే వ్యాను దొరకదు. దీన్ని వాడుకోవచ్చు: శూన్యమాసంలో ఇల్లు మాట్లాడి టోకెన్ అడ్వాన్సు ఇవ్వండి, అద్దె మాత్రం పాలు పొంగించే రోజు నుంచి లెక్కపెట్టమనండి. ఎలాగూ ఆ నెలలో ఎవరూ చేరరు కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు. మంచిరోజున పాలు పొంగించి, దేవుడి పటం, బియ్యం, ఉప్పు పెట్టేసి రండి. సామాన్లు మర్నాడో, వారం మధ్యలో పనిరోజో దింపుకుంటే కూలి తగ్గుతుంది.

4. సామాన్ల తరలింపు

తరలింపుకి ముందు తూకం తగ్గించాలి. అటక మీద అయిదేళ్లుగా దించనిది కొత్త ఇంటి అటక మీదికీ అలాగే ఎక్కుతుంది, మధ్యలో కూలి మీది. నెల ముందు నుంచే పాత పేపర్లు, ఇనుము, ఇత్తడి తూకానికి వేసెయ్యండి. ఆ డబ్బు మార్పు పద్దులో జమ.

టాటా ఏస్‌లో ముప్పావు టన్ను దాకా పడుతుంది. మామూలు డబుల్ బెడ్‌రూమ్ ఇంటి సామాను దానికి రెండు మూడు ట్రిప్పులు, లేదా ఒక 14 అడుగుల డీసీఎం. దూరం పది కిలోమీటర్ల లోపైతే ట్రిప్పులు చవక. గుంటూరు నుంచి బెజవాడకైతే డీసీఎం ఒక్కసారే మేలు. రేటు మాట్లాడేటప్పుడు ఎన్ని ట్రిప్పులు, ఎంతమంది మనుషులు, లిఫ్టు లేకపోతే ఏ అంతస్తుకి ఎంత, లిఫ్టులో పట్టని బీరువా, మంచం సంగతేమిటి అన్నవి వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. గొడవలన్నీ లిఫ్టు దగ్గరే మొదలవుతాయి. ప్యాకర్స్ వాళ్లకిస్తే వస్తువుల జాబితా మీద రెండువైపులా సంతకాలుండాలి, డబ్బంతా ముందే ఇవ్వకూడదు. దారిలో లారీ ఆపి ఇంకో ఐదువేలడగడం ఈ వ్యాపారంలో పాత ఎత్తే.

ఫ్రిజ్‌ని ముందురోజు రాత్రి ఆపి, ఐసు కరిగించి, నిలబెట్టే తీసుకెళ్లాలి. పడుకోబెట్టాల్సి వస్తే దింపాక కొన్ని గంటలు నిలబెట్టి ఆ తర్వాతే ప్లగ్గు పెట్టాలి, కంప్రెసర్ ఆయిల్ మళ్లీ కిందికి దిగాలి కదా. ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మెషీన్‌కి కొన్నప్పుడు ఇచ్చిన ట్రాన్సిట్ బోల్టులు బిగించకపోతే డ్రమ్ము ఊగి సస్పెన్షన్ దెబ్బతింటుంది. ఏసీ విప్పే మెకానిక్ ముందు గ్యాసుని అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగాలి, దీన్ని పంప్‌డౌన్ అంటారు. అది చెయ్యకుండా పైపు విప్పితే గ్యాసంతా గాల్లోకి పోయి, కొత్త ఇంట్లో మళ్లీ నింపించే ఖర్చు పడుతుంది. కొత్త గోడకి రాగి పైపు చాలకపోతే అడుగుల లెక్కన కొనాలి. ఇన్వర్టర్ బ్యాటరీ నిలువుగానే ఉండాలి, యాసిడ్ కారితే పరుపు మీద పడ్డ చోటల్లా చిల్లే. ఆవకాయ జాడీలు సొంత కారులోనే రావాలి.

పాత ఇల్లు అప్పగించే రోజు కరెంటు మీటరు రీడింగ్ ఫోటో తియ్యండి. తర్వాత వచ్చే బిల్లులో మీ వాటా ఎంతో దాన్నిబట్టే తేలుతుంది.

5. వంటిల్లు సర్దుకునేదాకా

మారడానికి ఆరువారాల ముందు నుంచి సరుకుల కొట్టుకి వెళ్లడం తగ్గించి డబ్బాల్లో ఉన్నవి ఖాళీ చెయ్యండి. కొత్త బియ్యం బస్తా దిగాక తెప్పించుకోవచ్చు. నలుగురున్న ఇంట్లో నెలకి ఒక 26 కిలోల బస్తా రమారమి సరిపోతుంది. అది 26 ఎందుకో చాలామందికి తెలుసు: 2022 జూలై నుంచి 25 కిలోలు, అంతకులోపు లేబుల్ ఉన్న ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ పడింది, మిల్లర్లు ఒక కిలో పెంచారు.

ఏడాది సరుకులు మన ప్రాంతం బడ్జెట్‌లో పెద్ద గంతు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండుమిరప, కొత్త చింతపండు, ఆ వెంటనే ఆవకాయ: మామిడికాయలు, ఆవపిండి, నువ్వుల నూనె. ఇల్లు మారడం ఇదే కాలంలో పడితే ఎక్కడ ఆరబెట్టాలో, ఎక్కడ పట్టించాలో తెలియక అన్నీ ప్యాకెట్లలో కొంటారు. వేసవిలో మారేవాళ్లు మిరపకాయలు పాత ఇంట్లోనే ఎండబెట్టి కారం పట్టించేసుకోండి, ఆవకాయ మాత్రం కొత్త ఇంట్లో పెట్టుకోండి. ఈ మొత్తాన్ని పన్నెండుతో భాగించి నెలనెలా పక్కన పెడితే వేసవి గంతు కనపడదు. ఇన్సూరెన్స్ ప్రీమియంలు, పండగ బట్టలు, పెళ్లిళ్ల కట్నకానుకలు, బండి సర్వీసు కూడా ఇదే వాటాలోకి.

6. చిరునామా మార్పులు

ఆధార్ ముందు మార్చండి, మిగతావి దాని వెనక వస్తాయి. ఓటుకి ఫారం 8. గుంటూరు, బెజవాడ మధ్య మారితే గ్యాసు ఏజెన్సీలో సిలిండర్లు, రెగ్యులేటర్ అప్పగించి ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకోవాలి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ల బండికి అక్కడి రవాణా శాఖ ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఉంటాయి. కారైతే ఇది చిన్న మొత్తం కాదు, మార్పు పద్దులో ముందే వెయ్యాలి.

7. ఏడాది నిండాక రిటైర్మెంటు అంకె

కొత్త ఇంట్లో ఒక వేసవి, ఒక దసరా, ఒక సంక్రాంతి గడిచేదాకా నిధి అంకె ఖరారు చెయ్యొద్దు. పన్నెండు నెలల ఇంటి పద్దు చేతికొచ్చాక ఖర్చుల్ని మూడుగా విడదీయండి: పోయేవి, ఉండేవి, పెరిగేవి. పిల్లల కాలేజీ ఫీజు, బండి ఈఎంఐ పోయేవి. ఇంటర్ రెండేళ్ల కోసం కాలేజీ దగ్గర ఎక్కువ అద్దెకి దిగితే ఆ ఎక్కువంతా పోయేదే, దాన్ని 33తో హెచ్చవెయ్యకూడదు. తిండి, కరెంటు, మామూలు అద్దె ఉండేవి. మందులు, పనిమనిషి జీతం పెరిగేవి. ఇప్పుడు ఆఫీసు భరిస్తున్న హెల్త్ ఇన్సూరెన్స్, ఫోన్ బిల్లు రేపు మీవే, అవీ చేర్చాలి.

చీటీ కడుతుంటే జాగ్రత్త. పాడని చీటీ పొదుపు, పాడేసిన చీటీ అప్పు. రెండూ ఒకే గడిలో రాస్తే లెక్క చెడుతుంది.

ఉదాహరణకి 44 ఏళ్ల దంపతులు 52కి మానెయ్యాలనుకుంటున్నారు. నెల ఖర్చు 62,000. అందులో పోయేవి 18,000. మిగిలిన 44,000 ఏడాదికి 5.28 లక్షలు, ఏడాదికోసారి వచ్చేవి 1.32 లక్షలు, మొత్తం 6.6 లక్షలు. ఇది ఈనాటి ధర. 6 శాతం ధరల పెరుగుదలతో ఎనిమిదేళ్లకి ఇది 10.5 లక్షలు. 33 రెట్లు అంటే 3.47 కోట్లు. ఈనాటి 6.6 లక్షల్నే హెచ్చవేసి 2.18 కోట్లు చాలనుకోవడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. పిల్లల పై చదువులు, పెళ్లిళ్లు ఈ అంకెలో లేవు, వాటికి వేరే నిధి.

25 రెట్లు చాలంటారు కదా? ఆ సూత్రం 1994లో అమెరికా మార్కెట్ లెక్కల మీద, ముప్పై ఏళ్ల విశ్రాంత జీవితానికి వేసింది. 52కి మానేసినవాళ్లకి నలభై ఏళ్లు గడవాలి, ఇక్కడి ధరల వేగమూ వేరు. 33 అంటే మొదటి ఏడాది నిధిలో 3 శాతమే తీసుకోవడం.

సొంతిల్లు కొనాలా అన్నదీ ఇదే కొలతతో తేల్చుకోవచ్చు. 15,000 అద్దె నిధిలో 59.4 లక్షలకి సమానం. అదే ఇల్లు 60 లక్షలకి వస్తుందనుకుంటే స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 4.5 లక్షలు, చెక్కపనికి ఇంకో అయిదారు. అంకెలు దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి తేల్చేది ఒక్కటే: మానేసే తేదీకి ముందే లోను తీరుతుందా? తీరకపోతే కొనొద్దు.

ఇక ప్లాట్లు. అమరావతి చుట్టుపక్కల ఒక ప్లాటుంటే అదే రిటైర్మెంటు అనుకునే ఇళ్లు మన దగ్గర లెక్కలేనన్ని. ప్లాటు అద్దె ఇవ్వదు, నెల ఖర్చుకి ఒక మూల కోసి అమ్ముకోలేం, కావాల్సినప్పుడు కొనేవాడు దొరకడు. అమ్మి డబ్బు బ్యాంకులో పడేదాకా దాన్ని సున్నాగానే రాయండి.

8. డబ్బు ఎక్కడ ఉండాలి, ఏ క్రమంలో మానెయ్యాలి

రెండేళ్ల ఖర్చు సేవింగ్స్, ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉండాలి. ఒక్కో బ్యాంకులో డిపాజిట్ బీమా 5 లక్షల దాకానే, అందుకే రెండు మూడు బ్యాంకుల్లో పెట్టండి. తర్వాతి అయిదారేళ్ల ఖర్చు పీఎఫ్, పీపీఎఫ్, పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో. చివరిదానికి ఒక్కరికైతే 9 లక్షలు, జాయింటుగా 15 లక్షలు పరిమితి. మిగతాది సెన్సెక్స్, నిఫ్టీ లాంటి సూచీల్ని అనుసరించే ఇండెక్స్ ఫండ్లలో. మానేసిన మొదటి రెండేళ్లలో మార్కెట్ పడితే ఫండ్లు అమ్మకుండా గడవడానికే ఈ అమరిక. సీనియర్ సిటిజన్ పొదుపు పథకం మామూలుగా 60 నిండినవాళ్లకి, ఉద్యోగ విరమణ చేసినవాళ్లకి 55 నుంచి. 52కి మానేసేవాళ్లు దాన్ని లెక్కలో పెట్టుకోకూడదు.

పీఎఫ్ తియ్యకుండా వదిలేస్తే 58 దాకా వడ్డీ వస్తుంది, కానీ ఉద్యోగం మానేశాక వచ్చే వడ్డీకి పన్నుంటుంది. పదేళ్ల సర్వీసు నిండితే ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్ 58కి. 50 నుంచే తీసుకోవచ్చుగానీ ముందు తీసుకునే ప్రతి ఏడాదికీ 4 శాతం చొప్పున తగ్గుతుంది.

హెల్త్ పాలసీ రాజీనామాకి కనీసం మూడేళ్ల ముందు సొంతంగా తీసుకోండి. ఆఫీసు గ్రూప్ పాలసీ మీ ఆఖరి రోజుతో ముగుస్తుంది. కొత్త పాలసీలో అప్పటికే ఉన్న షుగరు, బీపీలాంటి వాటికి మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండొచ్చు. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ఇల్లు మారాక పాలసీలో పిన్‌కోడ్ మార్పించండి. కొన్ని కంపెనీలు నగరాన్ని బట్టి ప్రీమియం వేస్తాయి, తక్కువ జోన్‌లో పాలసీ తీసుకుని హైదరాబాద్‌లో చికిత్స చేయించుకుంటే బిల్లులో కొంత మనమీద వేస్తాయి.

ఆఖరుగా, రాజీనామా లెటరుకి ముందు ఆరు నెలలు, మానేశాక నెలకి ఎంత వాడదామనుకున్నారో అంత డబ్బుతోనే ఇల్లు నడపండి. జీతం ఒక ఖాతాలో పడనిచ్చి, ఒకటో తారీఖున ఆ మొత్తం మాత్రమే ఇంటి ఖాతాకి మార్చండి. ఆరు నెలల్లో ఏప్రిల్, మే ఉండేలా చూసుకోండి. పది శాతంకన్నా ఎక్కువ దాటితే ఏ పద్దులో దాటిందో చూసి నిధి అంకె సవరించండి, రాజీనామా తేదీని జరపండి.